స్వయంకృషి ఎవరి సొత్తు?

కిందటేడు మా విచారణలో ఒక బట్టల దుకాణాన్ని ఆశీర్వదించడానికి వెళ్ళాను. యజమానురాలు మా విచారణ బిడ్డే. పదిహేనేళ్ళ క్రితం భర్త సంపాదన చాలక, సిస్టర్లు నడిపే కుట్టు కేంద్రంలో ఆరు నెలలు పని నేర్చుకుని, వాయిదాల మీద ఒక పాత మిషను కొనుక్కుని, ఇంటి అరుగు మీద జాకెట్లు కుట్టడం మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద రెడీమేడ్ షాపు. వెనుక గదిలో ఎనిమిది మిషన్లు, వాటి ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు. తీర్థజలం చల్లి ప్రార్థన ముగించాక ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "ఫాదర్‌గారూ, ఇదంతా నా స్వయంకృషి. ఎవరూ నాకు ఒక్క పైసా సాయం చేయలేదు" అన్నది.

ఆ మాటలో గర్వం కంటే అలసట ఎక్కువ వినిపించింది. అందుకే నేను మారు మాట్లాడలేదు. కాని ఆమె ఆ మాట అంటున్నంతసేపూ వెనుక గదిలో మిషన్ల చప్పుడు ఆగలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటా ఆ చప్పుడూ కలిసి నా చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి. స్వయంకృషి అంటే ఏమిటి? ఒక మనిషి తన్ను తానే తయారు చేసుకోగలడా? అలా సంపాదించినది పూర్తిగా ఆ మనిషి సొత్తేనా?

స్వయంకృషి అనే మాట మన తెలుగువారికి చాలా ఇష్టమైనది. 1987లో అదే పేరుతో వచ్చిన సినిమాలో చెప్పులు కుట్టే సాంబయ్య పెద్ద చెప్పుల వ్యాపారి కావడం చూసి మన ఇళ్ళలో ఎందరో కంటతడి పెట్టారు. కష్టే ఫలే అని పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఆ మాట తప్పని నేను అనను. అది పూర్తి సత్యమా, సగం సత్యమా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నను మన ఊరి దుకాణం ముందు పెడితే ఎవరి మనసైనా నొచ్చుకోవచ్చు. కనుక ఇదే కుట్టుపనితో మొదలుపెట్టి, ఇదే బట్టల వ్యాపారంలో ప్రపంచమంతా ఎరిగిన స్థాయికి చేరిన ఒక స్త్రీ జీవితాన్ని తీసుకుందాం. ఆమె పేరు రోసాలియా మేరా.

స్పెయిన్ దేశానికి వాయవ్య మూలన, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున గలీసియా అనే ప్రాంతం ఉంది. పునీత యాకోబు అపోస్తలుని సమాధి ఉన్నదని యాత్రికులు నడిచి వెళ్ళే సంతియాగో నగరం అక్కడిదే. ఆ ప్రాంతంలోనే ఆ కొరూన్యా అనే ఓడరేవు పట్టణంలో 1944లో, శ్రామికులు నివసించే పేటలో రోసాలియా పుట్టింది. పదకొండో ఏట బడి మానేసి ఒక బట్టల దుకాణంలో కుట్టుపనికి చేరింది. పదకొండేళ్ళంటే మన పిల్లలు ఆరో తరగతిలో ఉండే వయసు.

ఆ దుకాణంలోనే అమాన్సియో ఓర్తేగా అనే యువకుడితో పరిచయమైంది. అతను రైల్వే కార్మికుని కొడుకు. అతనూ చిన్నతనంలోనే పనికి వచ్చినవాడే. 1963లో అతను, అతని అన్న, వదిన, రోసాలియా కలిసి సొంతంగా కుట్టుపని మొదలుపెట్టారు. కుట్టినవి గొప్పింటి గౌన్లు కావు, ఆడవాళ్ళు ఇంట్లో చలికి తొడుక్కునే దూదిపొర అంగీలు. ఆ చిన్న సంస్థకు గోవా అని పేరు పెట్టారు. అది మన గోవా కాదు. అమాన్సియో ఓర్తేగా గవోనా అనే పూర్తి పేరులోని మొదటి అక్షరాలను తిరగేసి పెట్టిన పేరు. నలుగురూ కలిసి చేసిన పనికి ఒక్కరి పేరే మిగిలిన సంగతి గమనించండి. 1966లో వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

1975లో ఆ కొరూన్యాలోనే ఒక వీధిలో తొలి దుకాణం తెరిచారు. మొదట ఒక సినిమా పేరు మీదుగా జోర్బా అని పెట్టాలనుకున్నారట. దగ్గరలో అదే పేరుతో ఒక బారు ఉండడంతో అక్షరాలు మార్చి జారా అన్నారు. ఈ రోజు పెద్ద నగరాల మాల్స్‌లో మన పిల్లలు చూసే పేరు అదే. మన దేశంలో ఆ దుకాణం 2010లో ఢిల్లీలో మొదలైంది.

ఆ వ్యాపారం ఎలా పెరిగిందో కూడా తెలుసుకోవాలి. బట్టల వ్యాపారులు సాధారణంగా ఆరు నెలల ముందే మాదిరులు నిర్ణయించి గుట్టలుగా కుట్టించి, అమ్ముడుపోకపోతే తగ్గింపు ధరకు వదిలించుకుంటారు. వీరు అలా చేయలేదు. కొనేవారు ఏమి అడుగుతున్నారో దుకాణాల నుండి ఎప్పటికప్పుడు కబురు తెప్పించుకుని, కొద్ది మోతాదులో కుట్టించి, కొత్త మాదిరిని రెండు మూడు వారాల్లో దుకాణానికి చేర్చేవారు. వారానికి రెండుసార్లు కొత్త సరుకు వచ్చేది. ప్రకటనల మీద పెద్దగా ఖర్చు పెట్టేవారు కారు. 1985లో ఈ సంస్థలన్నీ ఇండిటెక్స్ అనే పేరు కిందకు వచ్చాయి. 2001లో ఆ కంపెనీ షేర్లు బజారులోకి వచ్చాయి. ఫోర్బ్స్ పత్రిక 2013లో రోసాలియా ఆస్తిని 610 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి, స్వయంకృషితో ఎదిగిన స్త్రీలలో ప్రపంచంలోకెల్లా ధనవంతురాలు ఈమేనని ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టు 15న, మరియతల్లి మోక్షారోపణ పండుగనాడు, 69వ ఏట ఆమె కన్నుమూసింది.

ఆరో తరగతి వయసులో సూది పట్టిన పిల్ల అంత ఎత్తుకు ఎదగడం చిన్న సంగతా? కాదు. ఆమె కష్టాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు, మీకూ లేదు. ఎవరైనా ధనవంతుడైతే చాలు, ఎవరినో ముంచే ఉంటాడని అనడం మనలో కొందరికి అలవాటు. అది న్యాయం కాదు, ఒక్కోసారి అసూయ కూడా. ఇక ఆడపిల్ల వ్యాపారం చేస్తానంటే, నీకెందుకమ్మా అనే తల్లిదండ్రులు మన విచారణలలో ఈనాటికీ ఉన్నారు. వారికి ఒక్క సంగతి గుర్తు చేస్తాను. పునీత పౌలు ఐరోపా గడ్డ మీద కాలుపెట్టి ఫిలిప్పీ పట్టణంలో బోధించినప్పుడు, ఆ బోధ విని జ్ఞానస్నానం పొందినట్లు అపోస్తలుల కార్యములలో పేరుతో సహా కనిపించే మొదటి వ్యక్తి లిదియా. ఆమె బట్టల వ్యాపారి. విలువైన ఊదారంగు వస్త్రాలు అమ్ముకునే స్త్రీ. పౌలు ఆమెను వ్యాపారం మానుకోమనలేదు. ఆమె తన ఇంటి తలుపు తెరిచింది, ఆయన ఆ ఇంట బస చేశాడు.

కనుక కష్టపడి ఎదగడం మంచిదే. ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు తొలి ఏడాదే అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాల సిద్ధాంతం నేర్పేవారు. మా ఉపాధ్యాయులు ఒకరు తన చొక్కానే ఉదాహరణగా చూపేవారు. ఈ చొక్కా ఎలా వచ్చింది? గుడ్డ లేనిదే చొక్కా లేదు, అది ఉపాదాన కారణం. చొక్కా ఆకారం లేకపోతే అది ఉత్త గుడ్డ, అది స్వరూప కారణం. కత్తిరించి కుట్టిన దర్జీ నిమిత్త కారణం. తొడుక్కునే మనిషి కోసమే ఇదంతా, అది ప్రయోజన కారణం. ఇన్ని కలిస్తే గాని ఒక చొక్కా లేదు. ఒక్క చొక్కా విషయమే ఇలా ఉంటే, ఒక మనిషి జీవితం ఒకే కారణంతో తయారవుతుందా?

రోసాలియా విషయమే తీసుకోండి. ఆమెకు సూది పట్టడం ఎవరో నేర్పారు. ఆ మొదటి దుకాణంలో కొనేవాళ్ళ మనసు ఎలా ఉంటుందో చూసి నేర్చుకుంది. భర్త, బావగారు, తోడికోడలు వెంట ఉన్నారు. ఇక వీరందరి కంటే పెద్ద సంఖ్యలో మరికొందరున్నారు. గలీసియా పల్లెల్లో ఆడవాళ్ళు తరతరాలుగా కుట్టుపని ఎరిగినవాళ్ళు. మగవాళ్ళు చేపల వేటకో, వలస పనులకో పోతే ఇంటి దగ్గర సూదితో సంసారం ఈదినవాళ్ళు. వారు చిన్న చిన్న సహకార సంఘాలుగా ఏర్పడి, ఆ కొరూన్యా దగ్గరి కర్మాగారంలో కత్తిరించిన ముక్కలను తెచ్చుకుని కుట్టి ఇచ్చేవారు. రెండు మూడు వారాల్లో కొత్త మాదిరి దుకాణానికి చేరిందంటే, ఆ వేగం ఎవరిది? కంపెనీ తెలివి కొంత, ఆ ఆడవాళ్ళ వేళ్ళు కొంత.

తరువాత ఏమైంది? చవకగా కుట్టే దేశాలకు పని తరలినకొద్దీ ఆ సంఘాలలో ఎన్నో మూతపడ్డాయి. ఒకే సూదితో, ఒకే ప్రాంతంలో బతుకు మొదలుపెట్టిన ఆడవాళ్ళలో ఒకరు కోట్లకు అధిపతి అయ్యారు, ఎందరో కుట్టుపని చేసేవాళ్ళుగానే మిగిలారు, కొందరికి ఆ పనీ పోయింది. వీరు కష్టపడలేదా? రోసాలియా కంటే తక్కువ గంటలు కుట్టారా? కష్టమే ఫలమయితే వీరి ఫలం ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న దగ్గర స్వయంకృషి అనే మాట మూగబోతుంది.

ఇంకో దేశానికి వెళదాం. 2005 ఏప్రిల్ 11న బంగ్లాదేశ్‌లో ఢాకా నగరం పక్కనున్న సావర్‌లో స్పెక్ట్రమ్ అనే స్వెట్టర్ల కర్మాగారం రాత్రి షిఫ్టు నడుస్తుండగానే కూలిపోయింది. 64 మంది చనిపోయారు. ఆ కర్మాగారానికి పని ఇచ్చిన ఐరోపా కంపెనీలలో ఇండిటెక్స్ కూడా ఉంది. ఆ గోడలు ఆ కంపెనీ కట్టలేదు. చట్టం చూస్తే నాకేం సంబంధం అని తప్పుకోవచ్చు. అలా పూర్తిగా తప్పుకోలేదు. బట్టల కార్మికుల అంతర్జాతీయ సమాఖ్యతో కలిసి బాధితుల సహాయ పథకానికి పూనుకుంది, 2007లో ఆ సమాఖ్యతో కార్మిక హక్కుల మీద ఒప్పందం చేసుకుంది. ఇది చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. కాని 64 ప్రాణాలు పోయాక వచ్చిన మెలకువ అది అని చెప్పకపోయినా అన్యాయమే.

అదే సావర్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా అనే భవనం కూలింది. ముందురోజే గోడలకు పగుళ్ళు కనిపించాయి. కింద అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను పంపించివేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవారిని మాత్రం మరునాడు పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. ఆ భవనంలో కుట్టించుకున్న కంపెనీలు వేరు, రోసాలియా కంపెనీని నేను అందులోకి లాగడం లేదు. కాని మొత్తం వ్యాపారం తీరు ఒక్కటే. చవకగా, త్వరగా కావాలని మనం ఇక్కడ దుకాణంలో అడిగిన మాట ఎక్కడో ఒక మేడమీద ఒక ఆడపిల్ల మెడమీద పడుతుంది. ఆ మే 1న, శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగనాడు, దివంగత పోపు ఫ్రాన్సిస్ తమ ప్రసంగంలో ఆ కార్మికులకు నెలకు దొరికేది 38 యూరోలేనని తెలిసి చలించి, దీనిని బానిస చాకిరీ అని నిర్మొహమాటంగా అన్నారు.

ఇక రోసాలియా జీవితంలో మరో పేజీ ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

1968లో ఆమెకు కూతురు పుట్టింది. 1971లో కొడుకు మార్కోస్ పుట్టాడు. పుట్టుకతోనే మెదడుకు సంబంధించిన తీవ్రమైన వైకల్యం. కంపెనీ పెరుగుతున్న ఆ రోజుల్లోనే తల్లిగా ఆమె ఆసుపత్రుల చుట్టూ, చికిత్సల చుట్టూ తిరిగింది. బడి మానేసిన ఆ మనిషి పెద్దయ్యాక మళ్ళీ పుస్తకం పట్టింది. 1986లో దంపతులు విడిపోయారు. అదే సంవత్సరం ఆమె పైదేయా అనే పేరుతో ఒక ధర్మసంస్థను స్థాపించింది. వైకల్యం ఉన్నవారికి చదువు, శిక్షణ, పని, సమాజంలో చోటు కల్పించడం దాని ముఖ్యోద్దేశం. పైదేయా గ్రీకు మాట. పిల్లవాడిని బుద్ధి, మనసు, నడవడిక అన్నింటా పూర్తి మనిషిగా పెంచడం అని దాని భావం. పదకొండో ఏట బడి మానేసిన మనిషి తన సంస్థకు ఆ పేరు పెట్టిందంటే, తాను పోగొట్టుకున్నది ఏమిటో ఆమెకు బాగా తెలుసుననుకుంటాను.

ఇప్పుడు నా ప్రశ్న వినండి. మనిషి విలువ అతడు స్వయంకృషితో సాధించినదానిలోనే ఉందంటే, మార్కోస్ విలువ ఎంత? అతడు వ్యాపారం పెట్టలేదు, పదిమందిలో పేరు తెచ్చుకోలేదు. ఆ లెక్కన ప్రపంచంలోకెల్లా ధనవంతురాలైన తల్లికి ఒక సున్నా పుట్టిందనాలి. ఏ తల్లి అయినా ఆ మాట ఒప్పుకుంటుందా? మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. అంటే మన మనసుకు ముందే తెలుసు. మనిషి విలువ అతడి సంపాదన కంటే ముందే ఉంది. మనం పని చేసి విలువైనవాళ్ళం కావడం లేదు, విలువైనవాళ్ళం కనుకనే మన పనికి విలువ వస్తున్నది. పునీత 2వ జాన్ పాల్ పోపుగారు 1981లో శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో ఈ సంగతే నొక్కి చెప్పారు. పనికి విలువ తెచ్చేది ఏ పని అన్నది కాదు, చేసేది మనిషి అన్నదే.

ఈ మాట ఒప్పుకుంటే వెంటనే ఇంకో మాట ఒప్పుకోవలసి వస్తుంది. మార్కోస్‌కు ఉన్న విలువే సావర్‌లో కుట్టే పిల్లకూ ఉంది. మా ఊరి షాపు వెనుక గదిలోని ఎనిమిది మందికీ ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొందరు పెద్దమనుషులు, ఫాదర్‌గారూ, ఆ ధర్మసంస్థతో ఆమె లెక్క సరిపోయింది కదా అంటారు. నేను అలా అనుకోను. దానం వేరు, న్యాయం వేరు. కుట్టిన మనిషికి రావలసిన కూలిలో కొంత తగ్గించి, ఆ మిగులుతో గుడికి గంట కొనిపెడితే ఆ గంట చప్పుడు దేవుడికి ఎలా వినిపిస్తుందో మీరే ఆలోచించండి. 13వ లియో పోపుగారు 1891లో రాసిన విశ్వలేఖలో ఈ విషయాన్ని సూటిగా తేల్చారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఒక కూలి న్యాయమైనది అయిపోదు. ఆ ఒప్పందం కంటే పాతది, పెద్దది అయిన సహజ న్యాయం ఒకటి ఉంది. పొదుపుగా బతికే శ్రామికుడు పొట్ట పోషించుకునేంత కూలి ఉండాలని ఆ న్యాయం అడుగుతుంది. ఆకలి భయంతో ఒప్పుకున్నది మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది కాదు. మనం ఎన్నిసార్లు, "ఆ రేటుకు ఆమె ఒప్పుకుంది కదా" అని చేతులు దులుపుకుంటాం!

అలాగని దానాన్ని తీసిపారేయడం కూడా తగదు. పునీత తోమాసు అక్వీనాసు చెప్పిన తీరు నాకు నచ్చుతుంది. సంపాదించుకోవడానికి, సంపాదించినదాన్ని చూసుకోవడానికి మనిషికి హక్కు ఉంది. వాడుక దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది తన ఒక్కడిదే అనుకోకూడదు, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. కనుక వరుస ఇది. ముందు కూలి, తరువాత కానుక. కూలి అప్పు, కానుక ప్రేమ. అప్పు తీర్చనివాడి ప్రేమను ఎవరు నమ్ముతారు?

రోసాలియాను పునీతురాలిని చేయడం నా ఉద్దేశం కాదు. స్పెయిన్ ఆర్థిక సంక్షోభంలో ఉన్నప్పుడు వీధిలోకి వచ్చిన నిరుద్యోగ యువతను ఆమె సమర్థించింది. వైద్యం, విద్య మీద ప్రభుత్వం ఖర్చు తగ్గించడాన్ని 2013లో బహిరంగంగా తప్పుబట్టింది. ధనవంతులలో ఆ మాట అనేవారు అరుదు. గర్భస్రావ చట్టం విషయంలో ఆమె అభిప్రాయం మాత్రం తల్లి శ్రీసభ బోధతో కలవదు. ఆ సంగతి దాచను. మార్కోస్ తల్లి ఆ మాట అనడం నాకు బాధ కూడా కలిగించింది. మనుషులు ఇలాగే ఉంటారు, ఒక కిటికీ నుండి వెలుతురు వస్తుంది, ఇంకొకటి మూసి ఉంటుంది. మన ఇళ్ళలో ఎన్ని కిటికీలు మూసి ఉన్నాయో మనమూ చూసుకోవాలి.

మళ్ళీ మా ఊరికి వస్తాను. దుకాణం ఆశీర్వదించిన రెండు నెలలకు ఆ యజమానురాలు నా దగ్గరకు వచ్చింది. ఆ ఎనిమిది మందిలో అందరికంటే ముందు చేరిన ఆవిడకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కడం లేదు, కాజాలు వంకర పోతున్నాయి. రోజుకు కుట్టే జాకెట్లు సగమయ్యాయి. మానిపిద్దామా అన్నది ప్రశ్న. నేను సలహా చెప్పకుండా ఒక మాట అడిగాను. "అమ్మా, నువ్వు అరుగు మీద కుట్టే రోజుల్లో, పండుగ ముందు పని ఎక్కువైతే రాత్రుళ్ళు నీ పక్కన కూర్చుని హుక్కులు కుట్టింది ఎవరు?" ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఆవిడే ఫాదర్‌గారూ" అన్నది. మరికాసేపటికి, "అయితే ఇందులో నాదంటూ ఏమీ లేదా?" అని అడిగింది.

అది నిజాయితీ గల ప్రశ్న. నాకు తోచిన జవాబు చెప్పాను. నీ కష్టం నీదే, అది ఎవరూ కాదనలేరు. వాయిదాలు కట్టిన భయం నీది, నిద్రలేని రాత్రులు నీవి, ఆ ధైర్యం నీది. ఆ ధైర్యానికి తగిన లాభం తీసుకో. కాని ఒంటరిగా చేశానని మాత్రం అనకు. ఆ మాట అన్న రోజునే నీ పక్కవాళ్ళ వాటా నీ లెక్కల పుస్తకంలో నుండి మాయమవుతుంది. నీకు తెలియకుండానే మాయమవుతుంది, అదే ప్రమాదం.

ఆమె ఆ ముసలావిడను మానిపించలేదు. కళ్ళ డాక్టరుకు చూపించింది, గుండీలు సరిచూసి మడతపెట్టే పనికి మార్చింది. కూలి ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. పాత కూలి ఇస్తే నష్టమంటుంది, తగ్గిస్తే మనసు ఒప్పుకోదంటుంది. నేను ఒత్తిడి చేయలేదు. దుకాణం నడిపేది ఆమె, బ్యాంకు అప్పు తీర్చేది ఆమె. ఆ తగవు ఆమె మనస్సాక్షిలో నడుస్తున్నందుకు మాత్రం దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ప్రియ పాఠకులారా, మనలో అందరికీ దుకాణాలు లేవు. అందరికీ బట్టలు ఉన్నాయి. క్రిస్మసు వస్తే మన ఇంటింటా కొత్త బట్టలే. డిసెంబరు నెలలో మన ఊరి కుట్టుపనివాళ్ళు రాత్రి రెండు గంటలదాకా మిషను తొక్కుతారు. దివ్యబలిపూజకు మనం కొత్త చీరలతో వచ్చి ముందు వరుసలో కూర్చుంటే, ఆ చీరకు ఫాల్ కుట్టిన మనిషి నిద్ర చాలక వెనుక బెంచీలో జోగుతూ ఉంటుంది. ఆమె దగ్గరేనా మనం పది రూపాయలు బేరమాడేది? పెద్ద షాపులో రాసిన ధర నోరు మెదపకుండా ఇచ్చి, ఇంటి పక్క కుట్టుపనిమనిషి దగ్గర బేరమాడడం ఏ న్యాయం? కూలివాని కూలిని తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దని మోషే ధర్మశాస్త్రం నాడే ఆజ్ఞాపించింది. మనమేమో పండుగయ్యాక ఇస్తాం అంటాం.

కనుక ఈసారి మూడు పనులు చేద్దాం. కుట్టుకూలి అడిగినంత, బట్టలు తీసుకునే రోజే ఇద్దాం. పిల్లలకు కొత్త బట్టలు తొడిగేటప్పుడు, ఇది ఎవరు కుట్టారో తెలుసా అని ఒక్కసారి అడుగుదాం. తెలియకపోతే కాలరు కింద ఉన్న చిన్న చీటీ చదివి, ఆ దేశం ఎక్కడుందో పటంలో చూపిద్దాం. ఇక మన ఎదుగుదల గురించి నలుగురిలో చెప్పుకునేటప్పుడు, నేను కష్టపడ్డాను అన్న మాట తరువాత మనకు తోడు నిలిచిన ఒక్కరి పేరైనా చేర్చి చెబుదాం.

యొప్పా పట్టణంలో దోర్కా అనే స్త్రీ చనిపోయినప్పుడు అక్కడి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను పేతురుకు చూపించారని అపోస్తలుల కార్యములలో చదువుతాం. ఆమె ఆస్తి ఎంతో అక్కడ రాయలేదు. ఆమె కుట్టినవి ఎవరి ఒంటి మీద ఉన్నాయో మాత్రం రాశారు.